ఏమండీ వస్తారు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తల్లి పాపను మొదటి రోజు బడిలో దింపి తన పనికి పోవాలి. పన్నెండున్నరకి తండ్రి వెళ్లి ఇంటికి తీసుకురావాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. అడగండి. మూడు వారాలుగా ఆ ఇంట్లో పాలు పక్కనే నిలబడి కాచినా పొంగిపోతున్నాయి, తలుపు వేసినా తెరుచుకుంటోంది. అలాంటి ఇంట్లో పొరపాటుకి చోటు వెతుక్కోవలసిన పని లేదు.

మూడు వారాల కిందట ఆ ఇంటి పెద్దాయన నిద్రలోనే పోయారు. ఆయన కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోడలు ఒక పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని వచ్చేవాళ్ల పేర్లు రాసుకుంటుంది. మనవరాలికి మూడేళ్లు. పుట్టినప్పుడు పిసరంత ఉందని పెద్దాయన ఆ పిల్లకి పెట్టిన పేరు పిసరు. అసలు పేరు బడి కాగితాల్లో ఉంది, ఇంట్లో ఎవరికీ నోటికి రాదు. పిసరును లేపడం, పళ్లు తోమించడం, తినిపించడం, కసురుకోకుండా నిద్రపుచ్చడం అన్నీ పెద్దాయనే చూసుకునేవారు. తల్లీ తండ్రీ సంపాదించుకొచ్చేవాళ్లు మాత్రమే.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే తరవాతిది తలకెక్కదు. మెకానిక్కు తన తండ్రిని రోజుకు వందసార్లు "నాన్నా" అనేవాడు. అతని భార్య అతన్ని రోజుకు రెండు వందల సార్లు "ఏమండీ" అనేది. పిసరు మాటలు నేర్చింది ఈ ఇద్దరి నోళ్ల నుంచే. కనక ఆ పిల్ల లెక్కలో పెద్దాయన పేరు నాన్న, మెకానిక్కు పేరు ఏమండీ. పిలుపులో ఇంత మర్యాద చూపించిన పిల్ల పని చెప్పేటప్పుడు మాత్రం ఏకవచనంలోకి దిగిపోయేది. "ఏమండీ, ఇటు రా. ఏమండీ, బూటు తొడుగు."

మొదట్లో అందరూ నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వినవారు పెద్దాయన. "ఈ ఇంట్లో నాన్న ఉద్యోగం ఒక్కటేరా. నేనుండగా నీకు రాదు" అనేవారు కొడుకుతో. కొడుకూ నవ్వేవాడు. ఉన్నది ఒక్క కూతురు, అది తనను నాన్న అనదు. నవ్వకపోతే ఏం చేస్తాడు పాపం. లోపల మాత్రం గుచ్చుకునేది.

పెద్దాయన పోయిన రెండో రోజున మెకానిక్కు మనసులో ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడైనా పిల్ల నన్ను నాన్న అంటుందేమో, అని. వచ్చిన మరుక్షణమే అతనికి తన మీద ఎంత అసహ్యం వేసిందంటే ఆ పూట తిండి ముట్టలేదు. కానీ ఒకసారి వచ్చిన ఆలోచన పొమ్మంటే పోతుందా. తాను ఇక నాన్నా అని పిలవడానికి మనిషి లేడు, తనను నాన్నా అని పిలిచే మనిషీ లేదు. ఇంతకంటే దిక్కులేని స్థితి ఇంకొకటి ఉండదని అతనికి అనిపించేది.

పైగా ఇప్పుడు బడి. బడి వదిలేవేళకి గేటు దగ్గర తండ్రులు నిలబడతారు, పిల్లలు "నాన్నా" అంటూ పరుగెత్తుకొస్తారు. తన కూతురు అందరి ముందూ ఏమండీ అంటుంది. అది తలచుకుని అతను వారం నుంచి పిసరుకి పాఠం చెబుతున్నాడు.

"నేనెవరు?"

"ఏమండీ."

"కాదమ్మా. నాన్న."

"నాన్న చచ్చిపోయాడు."

ఆ మాటతో ఏ రోజు పాఠం ఆ రోజుకి అయిపోయేది. పిసరు దాన్ని కన్నీళ్లు లేకుండా, వర్షం పడుతోందన్నంత మామూలుగా చెప్పేది. ఈ మూడు వారాల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. అదే తల్లికి భయంగా ఉండేది.

ఆ ఉదయం ముగ్గురూ రొట్టె ముక్కలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఏమండీ, పన్నెండున్నర. మర్చిపోరు కదా" అంది భార్య.

"మర్చిపోను. పన్నెండుదాకా గోతిలో ఉంటాను. ఫోను చేస్తే అందదు. పైకి రాగానే నేరుగా బడికే."

గొయ్యి అంటే లిఫ్టు అడుగున ఉండే గుంట. అందులోకి దిగి, నెత్తిమీద లిఫ్టును పెట్టుకుని పనిచెయ్యాలి. మెకానిక్కు ఇంట్లో ఆ మాట కొత్తది కాదు. బయటివాళ్లకు అది మామూలు మాట కాదన్న సంగతి మాత్రం ఆ మొగుడూ పెళ్లాలకు ఎప్పుడూ తట్టలేదు.

బడిలో టీచరమ్మ చిన్న వయసుది. ఇంకా పెళ్లి కాలేదు, చేరి రెండు నెలలైంది, పిల్లలంటే ప్రాణం. కొత్తగా చేరిన పిల్లలందరినీ గుండ్రంగా చాప మీద కూర్చోబెట్టి, మీ నాన్న ఏం చేస్తారో చెప్పండి అని అడిగింది. ఇంతకంటే మంచి ప్రశ్న ఆవిడకు దొరకలేదు కాబోలు. ఒకడు మా నాన్న బస్సు నడుపుతాడన్నాడు. ఒకతి మా నాన్న కళ్లజోళ్లు అమ్ముతాడంది. వంతు పిసరుకి వచ్చింది.

"మా నాన్న చచ్చిపోయాడు."

టీచరమ్మ చేతిలో ఉన్న బొమ్మ కింద పడింది. "ఏంటి తల్లీ?"

"మంచం మీద పడుకుని చచ్చిపోయాడు. బండి వచ్చి తీసుకెళ్లిపోయింది. కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది."

"మా నాన్న కొత్తది ఇస్తాడు" అంది కళ్లజోళ్ల పిల్ల.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ ప్రిన్సిపాలమ్మ గదిలోకి పరుగెత్తింది. ప్రిన్సిపాలమ్మ కాగితం మనిషి. పిసరు దరఖాస్తు తీసి చూసింది. తండ్రి పేరుంది, లిఫ్టు మెకానిక్కని ఉంది. కానీ ఆ దరఖాస్తు నింపి రెండు నెలలైంది. రెండు నెలల్లో ఎవరికేం కావాలన్నా కావచ్చు. ఆవిడ గొంతు సవరించుకుని తల్లికి ఫోను చేసింది.

"పాప చెప్పిందమ్మా. మాకు తెలీదు. ఎప్పుడు జరిగింది?"

"మూడు వారాలైందండీ" అంది తల్లి, ముందు గదిలో ఉన్నవాళ్లకి వినపడకుండా గొంతు తగ్గించి. "మీకు ముందే చెప్పాల్సింది. పాపకి అన్నీ ఆయనే. ఆయన పోయాక ఇల్లు ఇల్లులా లేదు."

"ఏమైందమ్మా?"

"నిద్రలోనే పోయారు. ఇబ్బంది పడకుండా పోయారు, అంతవరకు నయం."

ఈ వయసులో ఎంత గుండె నిబ్బరం, అనుకుంది ప్రిన్సిపాలమ్మ. "మరి మధ్యాహ్నం పాపని ఎవరు తీసుకెళ్తారమ్మా?"

"ఆయన వస్తారండీ."

ఇందులో ఎవరి తప్పూ లేదు. మామగారూ ఆయనే, మొగుడూ ఆయనే. ఇద్దరు మనుషులకి ఒకే మాట సరిపెట్టుకున్న ఆడవాళ్లు ఎంతమంది లేరు.

"ఎవరమ్మా వచ్చేది?"

"ఆయనేనండీ. ఇకనుంచి రోజూ ఆయనే వస్తారు. పొద్దున నాతో చెప్పారు కూడా."

"పొద్దున... చెప్పారా."

"పన్నెండింటికల్లా గోతిలోంచి పైకి వచ్చేస్తారు. మీరు ఫోను చెయ్యకండి, అక్కడ అందదు. ఒంటినిండా మట్టీ మసీ ఉంటుంది, చూసి కంగారు పడకండి. సరేనాండీ, ఇక్కడ మనుషులు ఎదురుచూస్తున్నారు." ఫోను పెట్టేసింది.

ప్రిన్సిపాలమ్మ కుర్చీలో వెనక్కి వాలి సీలింగు వైపు చూసింది. "పాపం, మతి చలించింది" అంది. టీచరమ్మకి మళ్లీ ఏడుపొచ్చింది. అలాంటి మనిషి చేతికి పిల్లను అప్పగించడం ఎలాగన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న సమస్య. దరఖాస్తులో తల్లి పనిచేసే చోటు నంబరుంది. ప్రిన్సిపాలమ్మ పళ్ల డాక్టరుకి ఫోను చేసింది.

పళ్ల డాక్టరు మంచివాడు, కానీ మొహమాటస్తుడు. మూడు వారాల కిందట ఆమె దగ్గర్నుంచి "ఇంట్లో చావు. నాలుగు రోజులు రాలేను" అని సందేశం వస్తే, పోయింది ఎవరని అడగడం బాగుండదని ఊరుకున్నాడు. తరవాతా అడగలేదు. నిన్ననే ఆమెను ఒకరి పేరు తప్పు రాసిందని నలుగురిలో కేకలేశాడు కూడా. ఇప్పుడీ కబురు విని సిగ్గుతో చచ్చిపోయాడు. కుర్చీలో నోరు తెరుచుకుని, సగం తొలిచిన పన్నుతో ఉన్న పెద్దమనిషిని అలాగే వదిలేసి ముందు గదిలోకి వచ్చాడు.

"నువ్వింక కూర్చోనక్కర్లేదమ్మా. బడి నుంచి ఫోనొచ్చింది. నాకంతా తెలిసింది."

"ఏం తెలిసిందండీ?"

డాక్టరు మాస్కు కిందికి లాగి, చేతనైనంత మెత్తగా చెప్పాడు. "ఆయన రారమ్మా. గోతిలోంచి ఇక రారు. ధైర్యం తెచ్చుకోవాలి."

ఆమె చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. గోతిలో దిగిన మనిషి మీదికి లిఫ్టు జారిన సంగతులు ఆమె చాలా విని ఉంది. మొగుడు ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే ఎనిమిదేళ్లుగా ఆమె ఊహించుకునేది అదొక్కటే. ఫోను తీసి అతనికి చేసింది. అందలేదు. మళ్లీ చేసింది. అందలేదు. అప్పుడామె నేలమీద చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది. చూస్తున్న డాక్టరు, పోనీలే ఇప్పటికైనా మనసుకెక్కింది, అనుకున్నాడు.

"పాప దగ్గరికి తీసుకెళ్లండి. పాప అక్కడే ఉంది. దానికి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు" అంటోంది ఆమె. డాక్టరు కారు తాళాలు తీసుకున్నాడు. లోపలి గదిలో పెద్దమనిషి నోరు ఇంకా తెరిచే ఉంది.

సరిగ్గా పన్నెండూ ఇరవై అయిదుకి మెకానిక్కు బడి గేటు ముందు సైకిలు దిగాడు. మోచేతులదాకా నల్లటి జిడ్డు, తలనిండా మట్టి. గ్రిల్లు లోపల టీచరమ్మ నిలబడి ఉంది.

"ఎవరు కావాలండీ?"

"పిసరుని తీసుకెళ్లడానికి వచ్చాను. పాప నాన్నని."

టీచరమ్మ మొహంలో నెత్తురు లేదు. "ఎక్కణ్నుంచి... వస్తున్నారు?"

"గోతిలోంచండీ. ఆలస్యమవుతుందని కడుక్కోకుండా వచ్చేశాను."

టీచరమ్మ గ్రిల్లుకి తాళం వేసి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్లి ప్రిన్సిపాలమ్మను పిలుచుకొచ్చింది. ప్రిన్సిపాలమ్మ దయ్యాలను నమ్మే మనిషి కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లను నమ్ముతుంది. మతి చెడిన తల్లిని ఎవడో మాయచేసి, పోయిన మొగుణ్ని నేనేనని చెప్పుకుంటున్నాడని తేల్చేసుకుంది.

"పాప తండ్రి పోయారు. మాకు తెలుసు" అంది.

మెకానిక్కు తికమకపడ్డాడు. తరవాత సగం అర్థమైంది. "ఆయనా? ఆయన మా నాన్నండీ."

"పాప నాన్న మీ నాన్నా?"

"అవునండీ. పాప నాన్న అనేది మా నాన్ననే."

ప్రిన్సిపాలమ్మ మనసులో వరసలు కలుపుకుంది. "అంటే మీరు పాపకి అన్నయ్య అవుతారు."

"అన్నయ్యని కాదండీ, తండ్రిని."

"ఇప్పుడే కదా మీ ఇద్దరికీ నాన్న ఒకరేనన్నారు. తల్లులు వేరా?"

మెకానిక్కు జేబులోంచి గుర్తింపు కార్డు తీసి గ్రిల్లులోంచి ఇచ్చాడు. కార్డు మీద పేరు సరిపోయింది. ఫొటో పన్నెండేళ్ల కిందటిది. అందులో మీసాలున్నాయి, జుట్టుంది, మనిషి సంతోషంగా ఉన్నాడు. ఈ మూడింటిలో ఎదురుగా ఉన్నవాడికి ఒక్కటీ లేదు. "తండ్రీ కొడుకుల్లో ఈమాత్రం పోలిక ఉంటుంది" అని ప్రిన్సిపాలమ్మ కార్డు తన దగ్గరే పెట్టుకుంది.

"పాపని పిలవండి. పాపే చెబుతుంది" అన్నాడు మెకానిక్కు. అన్నాక పాప ఏమంటుందో గుర్తొచ్చింది. అప్పటికి బడి వదిలారు. అటూ ఇటూ తండ్రులూ తల్లులూ నిలబడి తనవైపే చూస్తున్నారు. పిసరు టీచరమ్మ వేలు పట్టుకుని వచ్చింది. అతను గ్రిల్లు కమ్ములు పట్టుకుని, వారం రోజుల పాఠమంతా కళ్లలోకి తెచ్చుకుని కూతురి వైపు చూశాడు. ఒక్కసారి అనమ్మా, అని బతిమాలుకున్నాడు లోపల్లోపల.

"ఈయన ఎవరమ్మా?" అంది ప్రిన్సిపాలమ్మ.

"ఏమండీ."

"చెప్పమ్మా, వింటున్నాను."

"ఏమండీ."

"నన్ను ఏమండీ అననక్కర్లేదు, ఆంటీ అను. ఈయన ఎవరో చెప్పు."

పిసరుకి విసుగొచ్చింది. "ఏమండీనే."

"నాన్న కాదా?"

"కాదు. నాన్న చచ్చిపోయాడు. నాన్నకి తెల్ల జుట్టు."

ఆ తెల్ల జుట్టు దగ్గరైనా ఎవరైనా ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. నలుగురు తండ్రులు వచ్చి మెకానిక్కు చుట్టూ నిలబడ్డారు. ఒకాయన సైకిలు తాళం లాగేసుకున్నాడు. మెకానిక్కు ఎవరితోనూ దెబ్బలాడలేదు. గోడకి ఆనుకుని అలాగే కిందికి కూర్చున్నాడు. నేను దీనికి ఏమీ కాను, అనిపించింది అతనికి. మా నాన్న ఉండి ఉంటే ఈ గేటు దగ్గరికి ఆయనే వచ్చేవాడు, ఈ పిల్ల ఎగిరి ఆయన చంకెక్కేది, అనుకున్నాడు. తండ్రి పోయిననాడు కూడా రాని ఏడుపు అప్పుడు, ఆ అపరిచితుల కాళ్ల మధ్య వచ్చింది. మసి చేతులతో తుడుచుకోవడంవల్ల మొహం ఇంకా నల్లబడింది.

డాక్టరు కారు వచ్చి ఆగింది. తల్లి తలుపు తీసుకుని దిగింది. కళ్లు వాచి ఉన్నాయి. గేటు దగ్గర గుంపును చూసి, అందరినీ తోసుకుంటూ వచ్చి, నేలమీద కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఏమండీ" అంది. వంగి అతని భుజాలూ, తలా, చేతులూ తడిమింది. "ఏమండీ, ఉన్నారా. దెబ్బ తగల్లేదా. ఏమండీ."

"అదిగో" అంది పిసరు గ్రిల్లు లోపల్నుంచి ప్రిన్సిపాలమ్మతో. "చెప్పానుగా, ఏమండీ అని."

ప్రిన్సిపాలమ్మ తల్లి వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, చేతిలో కార్డు వైపు చూసింది. కాగితాలతో తేలని విషయం ఆవిడకు అప్పుడు తేలింది. తాళం తీయించింది. సైకిలు తాళం తీసుకున్నాయన దాన్ని సీటు మీద పెట్టి, ఏదో పనున్నట్టు వెళ్లిపోయాడు. "అంటే మీవారు పోలేదన్నమాట" అన్నాడు డాక్టరు, కొంచెం నిరాశగా వినిపించిందేమోనని భయపడి, "సంతోషం" అని కలిపాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి కుర్చీలో పెద్దమనిషి.

తన ప్రశ్నతోనే ఇదంతా వచ్చిందని టీచరమ్మకి తెలుసు. దిద్దుకోవాలనుకుంది. పిసరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా, మాట మాటకి ఆగుతూ చెప్పింది. "చూడు తల్లీ. పోయినాయన మీ తాతయ్య. ఈయనే మీ నాన్న. నాన్న ఇక్కడే ఉన్నారు. అర్థమైందా?"

పిసరు చాలాసేపు ఆలోచించింది. టీచరు చెప్పింది కనక అబద్ధమయ్యే వీల్లేదు. మెకానిక్కు దగ్గరికి వచ్చి అతని మొహంలోకి చూసింది.

"నాన్నా" అంది.

మూడేళ్లు ఎదురుచూసిన మాట. అతను పిల్లను రెండు చేతులా ఎత్తుకుని గుండెకి అదుముకున్నాడు. తల్లి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. పిసరు అతని భుజం మీదుగా వీధిలోకి, సైకిలు వైపు, కారు వైపు, అటు చివరిదాకా చూసింది.

"మరి ఏమండీ ఏడీ?"

మెడ సాచి ఇంకోసారి చూసింది.

"ఏమండీ కూడా చచ్చిపోయాడా?"

అని, నోరు తెరిచి ఏడవడం మొదలుపెట్టింది. మూడు వారాలుగా ఎక్కడ దాచుకుందో ఏమో, అంతా ఒక్కసారే వచ్చేసింది. "నాకు ఏమండీ కావాలి" అని కాళ్లు కొట్టుకుంది. "నాన్న పోయాడు. ఏమండీ కూడా పోతే ఎలా. నాకు ఏమండీ కావాలి." ఆ ఏడుపుకి గేటు దగ్గరున్న పిల్లలందరూ ఏడవసాగారు. తనకోసం ఇంతగా ఏడ్చే మనిషి ఒకతి ఇంట్లోనే ఉందని మెకానిక్కుకి ఇన్నాళ్లూ తెలీదు.

"లేదమ్మా" అన్నాడు. "ఏమండీ ఎక్కడికీ పోలేదు. ఇదిగో, నేనే. నేను ఏమండీనే."

పిసరు ఏడుపు ఆపి, వెక్కుతూ, అతని మొహం మీది మసిని వేలితో తుడిచి చూసింది. కింద ఉన్నది తనకు తెలిసిన మొహమే. "ఏమండీ, ఇంటికి పద" అంది.

ప్రిన్సిపాలమ్మ మాత్రం రిజిస్టరు పట్టుకొచ్చింది. రేపటి నుంచి పిల్లను తీసుకెళ్లేది ఎవరో, పిల్లకి ఏమవుతారో రాయకుండా వదలనంది. మెకానిక్కు పెన్ను తీసుకుని రెండో గడిలో తన చేత్తోనే ఆ మాట రాశాడు. తండ్రి అని రాయలేదు.

మర్నాటి నుంచి పన్నెండున్నరకి, ఇంకా పెళ్లి కాని టీచరమ్మ గేటు దగ్గర నిలబడి, నలుగురూ వినేలా "ఏమండీ వచ్చారు" అని కేకెయ్యవలసి వచ్చింది.